గోడల దాకా లేచిన ఇంటిని వదులుకోవద్దమ్మా

ప్రశ్న: అయ్యా, మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలంలో ఒక పల్లె. మా ఆయన రొయ్యల గుంటల మీద పనికి పోతాడు. నేను ఇంట్లో మిషన్ కుడతాను. ఎస్సీలం. ఇద్దరు పిల్లలు. నెలకు 3,000 అద్దె కడుతున్నాం. 2020 చివర్లో నా పేరున సెంటున్నర పట్టా ఇచ్చారు, ఇల్లు కూడా మంజూరైంది. కట్టుకునే తాహతు లేదని ఆప్షన్ 3, అంటే ప్రభుత్వమే కాంట్రాక్టరుతో కట్టించే పద్ధతి పెట్టారు. కాంట్రాక్టరు బేస్‌మెంట్ వేసి, గోడలు కిటికీల ఎత్తుకు లేపి పోయాడు. మూడేళ్లయింది, మళ్లీ రాలేదు. లేఅవుట్ ఊరికి దూరం. వానొస్తే నీళ్లు నిలబడతాయి. రోడ్డు లేదు. రెండు మూడు కుటుంబాలు తప్ప ఎవరూ చేరలేదు. మా పక్క ప్లాట్లు యానాది కుటుంబాలవి, వాళ్లు అన్నీ వదిలేసి గుంటల దగ్గరే ఉంటున్నారు. ఇప్పుడు ఒకాయన పట్టా ఇచ్చేస్తే 1,20,000 ఇస్తానంటున్నాడు, నోటరీ చేయిస్తాడంట. ఇచ్చేసి కొత్తగా 3 సెంట్లు అడుగుదాం అని మా ఆయన. ఐదు రూపాయల వడ్డీకి తెచ్చయినా పూర్తి చేయాలని నాకు. నెల్లూరులో అద్దెకుంటున్న మా చెల్లికి కూడా ఏమన్నా దారి ఉందా? రోజూ ఇదే టెన్షన్. ఏం చేయమంటారు? — ఒక సోదరి

సమాధానం:

అమ్మా, పట్టా అమ్మవద్దు. ఐదు రూపాయల వడ్డీకి అప్పూ తేవద్దు. మీ ఆయన విసుగులో న్యాయముంది, మీ పట్టుదలలోనూ న్యాయముంది. కానీ మీరిద్దరూ అనుకుంటున్న రెండు దారులూ చివరికి ఆ ఇంటిని మీ చేతుల్లోంచి తీసేసేవే. ఎందుకో వివరంగా చెబుతాను. తరువాత మూడో దారి చూద్దాం.

ముందు అమ్మకం సంగతి. నోటరీ కాగితం వల్ల స్థలం మీద హక్కు ఒకరి నుంచి ఇంకొకరికి మారదు. 100 రూపాయల విలువ దాటిన స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు అయితేనే చెల్లుతుంది. మీది ప్రభుత్వం పేదలకని ఇచ్చిన స్థలం. ఇలాంటి భూముల చేతులు మారకుండా 1977లోనే అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం వచ్చింది. దాన్ని మీరి అమ్మితే ఆ స్థలాన్ని ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. అప్పుడు కొన్నాయన ఊరుకోడు, నా డబ్బు నాకివ్వమని మీ గుమ్మం ముందుకే వస్తాడు. అప్పటికి ఆ డబ్బు మీ దగ్గర ఉండదు. 2024 మొదట్లో సచివాలయంలో మీకు రిజిస్ట్రేషన్ చేసిన కన్వేయన్స్ డీడ్ (హక్కు బదిలీ పత్రం) ఇచ్చి ఉంటే దాన్ని ఒకసారి బయటికి తీసి, అమ్మకం మీద ఏ షరతులు రాశారో, గడువు ఎప్పటిదాకా ఉందో ఎవరితోనైనా చదివించుకోండి.

ఇంకో లెక్క చూడండి. 1,20,000 అంటే మీరు కట్టే అద్దెకు 40 నెలలు. మూడేళ్లు దాటి నాలుగు నెలలు. ఆ తరువాత మళ్లీ అద్దె ఇల్లే, ఈసారి పట్టా కూడా లేకుండా. పైగా మీ ఆధార్ నంబరు మీద ఇల్లు మంజూరైనట్టు, బిల్లు పడినట్టు రికార్డులో ఉంది. 2024 సెప్టెంబరులో మొదలైన కొత్త పట్టణ ఆవాస్ పథకంలో ఒక నిబంధన పెట్టారు. గడిచిన 20 ఏళ్లలో ఏ ప్రభుత్వ గృహ పథకం కిందైనా ఇల్లు పొందిన కుటుంబానికి మళ్లీ ఇవ్వరు. ఇంట్లో అందరి ఆధార్లూ అడుగుతారు కాబట్టి మీ ఆయన పేరున పెట్టినా అదే లెక్క. మీ పిల్లలు పెద్దయి పెళ్లీడుకు వచ్చేదాకా ఇంకో ఇల్లు అడిగే వీలుండదు. కొనేవాళ్లు ఈ మాట మీకు చెప్పరు.

3 సెంట్ల సంగతి మీ ఆయనకు మీరే నెమ్మదిగా చెప్పాలి. పల్లెల్లో 3, పట్టణాల్లో 2 సెంట్లు ఇవ్వాలని ఇప్పటి ప్రభుత్వం పెట్టుకున్న విధానం నిజమే. అది ఇంటి స్థలం లేని పేదలకోసం. పట్టా అంది, ఇల్లు మంజూరై, గోడలు కూడా లేచినవాళ్లు ఆ లెక్కలోకి రారు. పట్టా అమ్ముకుని వచ్చి స్థలం లేదంటే రెవెన్యూ వాళ్ల కంప్యూటరులో మీ పేరు కొట్టగానే విషయం తెలిసిపోతుంది. సెంటున్నర చిన్నదే. 72 గజాల చిల్లర. అందులో మనసుకు నచ్చినట్టు ఇల్లు కట్టుకోలేమన్న మీ ఆయన బాధ అబద్ధం కాదు. కానీ చేతిలో ఉన్న 72 గజాలను వదిలి, దొరకని 145 గజాల కోసం ఎదురుచూడమని నేను చెప్పలేను.

ఇక ఐదు రూపాయల వడ్డీ. లక్షకు నెలకు 5,000. ఏడాదికి 60,000, అసలు అలాగే ఉంటుంది. అద్దె 3,000 తప్పించుకోవడానికి వడ్డీ 5,000 కట్టడమన్న మాట. రొయ్య ధర పడిపోయిందని గుంటలు ఎండబెట్టిన నెల్లో మీ ఆయనకు పని ఉండదు, వడ్డీ మాత్రం ఆగదు. మీ మండలంలో ఆ నెలలు ఎలా గడుస్తాయో నాకంటే మీకే బాగా తెలుసు. అదే మీ డ్వాక్రా సంఘం ద్వారా వచ్చే బ్యాంకు రుణం చూడండి. జాతీయ గ్రామీణ జీవనోపాధి మిషన్ కింద సంఘాలకు 3 లక్షల దాకా రుణం మీద ఏడాదికి 7 శాతమే వడ్డీ. మన వాడుకలో చెప్పాలంటే నూటికి నెలకు 60 పైసలు కూడా పడదు. ఐదు రూపాయలకూ 60 పైసలకూ మధ్య ఉన్న తేడాలోనే మీ ఇంటి తలుపులు, కిటికీలు వచ్చేస్తాయి. సంఘంలో ఉన్నారో లేదో మీరు రాయలేదు. లేకపోతే ముందు ఆ పని చూడండి. ఉంటే, ఈ విడత రుణంలో మీ వాటా ఇంటికోసమని సంఘం సమావేశంలో చెప్పి పుస్తకంలో రాయించండి.

అయితే అప్పు గురించి ఆలోచించే ముందు మీకు ప్రభుత్వం నుంచి ఇంకా ఎంత రావాలో తేలాలి. నూటికి తొంభై మంది ఇక్కడే పొరబడతారు. ఎంత వచ్చిందో, ఎంత రావాలో తెలియకుండానే అప్పు చేస్తారు.

మండలంలో హౌసింగ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారి దగ్గరికి మీరే వెళ్లండి. పట్టా మీ పేరున ఉంది, మాట్లాడాల్సింది మీరే. పట్టా, ఆధార్, బ్యాంకు పాసు పుస్తకం, కుల ధ్రువీకరణ పత్రం తీసుకెళ్లండి. మీ ఇల్లు ఏ పథకం కింద ఉందో మొదట అడగండి. మీది పల్లె అయినా పట్టణ పథకంలో ఉండొచ్చు. ఆశ్చర్యపోకండి. నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ, అదే మనం నుడా అంటున్నది, దాని పరిధిలోకి వచ్చిన పల్లెల ఇళ్లను చాలావరకు ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ విభాగంలోనే మంజూరు చేశారు. దాని ప్రకారం ఇంటికి 1,80,000. అందులో కేంద్రానిది 1,50,000, రాష్ట్రానిది 30,000. గ్రామీణ విభాగంలో ఉంటే లెక్క వేరు. అక్కడ 1,20,000 సాయం, దానికి తోడు ఉపాధి హామీ కింద 90 పనిదినాల కూలి, మరుగుదొడ్డికి 12,000 కలిపే ఏర్పాటు ఉంది. ఏ పథకమో తెలియకుండా ఎవరెన్ని లెక్కలు చెప్పినా నమ్మకండి.

తరువాత మీ ఇంటికి ఇప్పటిదాకా ఏ దశ బిల్లు, ఏ తేదీన, ఏ ఖాతాకు పడిందో అడగండి. మీ పేరున సిమెంటు, ఇనుము ఎంత తీసినట్టు రాసి ఉందో కూడా తప్పకుండా అడగండి. ఈ పథకంలో గోడౌన్ నుంచి ఇచ్చిన సామాను ధరను బిల్లులో పట్టుకుంటారు. మీ గోడలకు పట్టిన సిమెంటు కంటే ఎక్కువ బస్తాలు మీ ఖాతాలో చూపించి ఉంటే, ఆ తేడా ఇప్పుడే తేలాలి. శ్లాబ్ వేసే రోజున తెలిస్తే మీ చేతినుంచి పెట్టుకోవాల్సి వస్తుంది. మంజూరు ఇంకా బతికే ఉందా, ఏ తేదీలోపు పూర్తి చేయాలి అన్నది చివరి ప్రశ్న. పాత పట్టణ పథకం గడువు 2022 మార్చితో అయిపోవాల్సింది, తరువాత పొడిగిస్తూ వచ్చారు. పొడిగింపుల మీద నడుస్తున్న ఇల్లు కాబట్టి ఈ ఒక్క ప్రశ్నకు జవాబు నోటిమాటగా కాకుండా కాగితం మీద తీసుకోండి.

ఆఫీసులో రేపు రా, ఎల్లుండి రా అంటే కోపం తెచ్చుకోవద్దు, గొడవ పెట్టుకోవద్దు. ఇదే వివరాలు సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా అడగండి. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లకు రుసుము లేదు. రేషన్ కార్డు నకలు జతచేస్తే చాలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. చాలాసార్లు ఆ దరఖాస్తు ఇవ్వగానే, 30 రోజులు కాకుండానే కాగితం చేతికొస్తుంది.

ఆ కాగితంతో సోమవారం నెల్లూరు కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లండి. ప్రయాణం ఖర్చు అనుకుంటే మీ మండలంలోనే సోమవారం అర్జీ ఇవ్వొచ్చు. అర్జీలో కాంట్రాక్టరును తిట్టాలనిపిస్తుంది. మూడేళ్ల కడుపుమంట కాబట్టి అది సహజమే. కానీ అర్జీ పొట్టిగా ఉంటేనే పని జరుగుతుంది. 'మా ఇంటి పని ఫలానా దశలో ఆగింది. ఇంత బిల్లు తీశారు, ఇంత సామాను తీశారు. చేసిన పనిని కొలిచి తేడా తేల్చండి. మిగిలిన పని మేమే చేయించుకుంటాం, ఇకమీద బిల్లులు నా ఖాతాకే వేయండి' అని ఈ నాలుగు ముక్కలు చాలు. అర్జీ నంబరున్న రసీదు లేకుండా బయటికి రావొద్దు. 1100కు ఫోన్ చేసి ఆ నంబరు చెబితే అర్జీ ఎక్కడిదాకా వచ్చిందో చెబుతారు.

మీకు తెలియకపోవచ్చు, మీ ఉత్తరంలో ఆ ప్రస్తావన లేదు కాబట్టి చెబుతున్నాను. పాత పథకాల్లో మొదలై సగంలో ఆగిన ఇళ్లకు అదనపు సాయం ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2025 మార్చిలో ప్రకటించింది. ఎస్సీ, బీసీ కుటుంబాలకు 50,000, ఎస్టీలకు 75,000, చెంచుల వంటి ఆదిమ గిరిజన తెగలకు లక్ష రూపాయలు. ఇది మంజూరైన మొత్తానికి అదనం. పని ముందుకు జరిగి, సచివాలయంలోని ఇంజినీరింగ్ అసిస్టెంట్ వచ్చి ఫోటో తీసి ఆన్‌లైన్‌లో ఎక్కించిన కొద్దీ దశలవారీగా పడుతుంది. పని ఆగిన ఇంటికి ఫోటో ఉండదు, ఫోటో లేనిదే డబ్బు పడదు. మీ బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం సరిగా ఉందో లేదో బ్యాంకులో ముందే చూపించుకోండి. మొన్నటిదాకా ఉన్న ఖాతా వాడకపోవడం వల్ల నిద్రాణమైపోయి, పడిన బిల్లు వెనక్కి పోయిన ఇళ్లు చాలా ఉన్నాయి.

డబ్బు లెక్క తేలాక ఇల్లు కట్టడం. దీని గురించి కొంచెం ఎక్కువే చెబుతాను. మీ మండలం నేలను చూసి చెప్పాల్సిన మాటలు ఉన్నాయి.

మూడేళ్లు వానకూ ఎండకూ వదిలేసిన గోడల మీద నేరుగా ఇటుక పెట్టించకండి. పై రెండు వరుసలు కదులుతుంటే తీసేయించండి. బయటికి నిలబడి ఉన్న ఇనుప కడ్డీలకు తుప్పు పొరలు పొరలుగా ఊడుతుంటే ఇంజినీరింగ్ అసిస్టెంటును పిలిచి చూపించండి. పైపై తుప్పయితే తీగ బ్రష్‌తో రుద్ది సిమెంటు పాలు పూస్తే సరిపోతుంది. కడ్డీ సన్నబడితే సరిపోదు. నల్లరేగడి నేల అయితే వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. బేస్‌మెంట్ మీద చుట్టూ ప్లింత్ బీమ్, అంటే గోడల కింద ఇనుము పెట్టి పోసే కాంక్రీటు పట్టీ, వేశారా లేదా చూడండి. గోడల్లో మూలల నుంచి ఏటవాలుగా బీటలు కనిపిస్తే ఆ బీటలకు కారణం తేల్చుకోకుండా శ్లాబ్ బరువు మోపవద్దు. ఇంజినీరు బాగుందని చెబితే ఆ మాటను మీ ఇంటి ఫైలులో రాయమని అడగండి. అడగడం మీ హక్కు.

నీళ్లు నిలబడతాయని రాశారు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట, జాతీయ రహదారి తెగిన సంగతి మీవైపు ఎవరూ మరిచిపోలేరు. ఆ ఏడాది మీ లేఅవుట్‌లో నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో పక్క పొలాల రైతులను అడగండి. వాళ్లు చెప్పే ఎత్తు ఏ మ్యాపులోనూ దొరకదు. ఇంకొకటి, లేఅవుట్‌లో రోడ్డు తరువాత పడుతుంది. ముందు గ్రావెల్ పోస్తారు, ఆపైన ఎప్పటికో సిమెంటు రోడ్డు వేస్తారు. రోడ్డు లేచిన ప్రతిసారీ ఇల్లు కిందికి దిగినట్టవుతుంది. ఆఖరికి రోడ్డు ఎత్తు ఎంత వస్తుందో ఏఈ గారిని అడిగి, ఇంటి లోపలి గచ్చు దానికంటే పైన ఉండేలా ఇప్పుడే మట్టి నింపించండి. గోడలు సగమే లేచి ఉన్నాయి కాబట్టి గచ్చు లేపినంత మేర లింటెల్‌ను (తలుపులు, కిటికీల పైన వేసే కాంక్రీటు దిమ్మెను) కూడా లేపే వీలు మీకింకా ఉంది. పైకప్పు పడ్డాక ఆ వీలుండదు.

ఖర్చు తగ్గించుకోవడానికి నాసిరకం సామాను కొనొద్దు. ఇప్పుడు అవసరం లేని పనులను తరువాతికి వదిలేయండి. ముందు శ్లాబ్, తలుపులు, కిటికీలు, మరుగుదొడ్డి, కరెంటు. టైల్సు, రంగులు, బయటి పూత, ఇంటి ముందు వరండా ఇవన్నీ మరో ఏడాది, ఆ పై ఏడాది. ఇటుకకు ముత్తుకూరు వైపు విచారించండి. నేలటూరు థర్మల్ కేంద్రం బూడిద ఉన్నందువల్ల ఆ చుట్టుపక్కల ఫ్లైయాష్ ఇటుక తయారవుతుంది. ఇసుకకు 2024 జులై నుంచి ఉచిత విధానం ఉంది. తవ్వకం, ఎత్తడం, రవాణా ఖర్చులే పెట్టుకోవాలి. నలుగురు కలిసి ఒక్కసారి తోలించుకుంటే ఆ ఖర్చూ తగ్గుతుంది.

నలుగురు కలిసి అనగానే అసలు విషయానికి వచ్చాం. మీ ఇల్లు ఒక్కటే పూర్తయితే మీ సమస్య తీరదమ్మా. మనుషులు చేరలేదు కాబట్టి నీళ్లు, రోడ్డు ఇవ్వలేదంటారు అధికారులు. నీళ్లు, రోడ్డు లేవు కాబట్టి మేం చేరలేదంటారు జనం. ఒకరికోసం ఒకరు ఎదురుచూస్తూ లేఅవుట్ అంతా తుమ్మచెట్లు మొలుస్తున్నాయి. ఇల్లు ఒక కుటుంబం కాగితాలతో వస్తుంది. కాలనీ మాత్రం అందరూ కలిసి అడిగితేనే వస్తుంది. నా అనుభవంలో ఈ రెండో సంగతి పట్టించుకోని చోట్ల పూర్తయిన ఇళ్లకు కూడా తాళాలే ఉన్నాయి.

మీ వరుసలో ఉన్న ప్లాట్ల వాళ్ల పేర్లు రాయండి. కాలనీ మొత్తం వద్దు, మీ వరుస, ఎదురు వరుస చాలు. అందరూ ఒకే కాలంలో పని మొదలుపెట్టేలా మాట్లాడుకోండి. ఒకే మేస్త్రి, ఒకే సెంట్రింగ్ సామాను, ఒకే ఇసుక లోడు అయితే కూలి రేటు దగ్గర నుంచి అన్నీ కలిసొస్తాయి. అందరి సంతకాలతో పంచాయతీకి ఒక అర్జీ ఇవ్వండి. గ్రామసభ జరిగే రోజు కనుక్కుని అందరూ వెళ్లి, మీ కాలనీ డ్రైనేజీ, నీటి పైపులైను, వీధి దీపాలు పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో రాయించండి. అందులో లేని పనికి నిధులు అడగడం కష్టం. ఆర్థిక సంఘం గ్రాంట్లలో కొంత భాగాన్ని తాగునీరు, పారిశుద్ధ్యానికే ఖర్చు చేయాలన్న షరతు ఉంది, కాబట్టి మీరు అడిగేది పంచాయతీకి అదనపు భారం కాదు. 2019లో మొదలైన జల్‌జీవన్ మిషన్ లక్ష్యమే పల్లెలో ప్రతి ఇంటికీ కుళాయి, మనిషికి రోజుకు 55 లీటర్లు. మీ కాలనీ ఇళ్లు ఆ లెక్కలో ఎక్కాయా అని గ్రామీణ నీటి సరఫరా వాళ్లను అడగండి. ఎక్కకపోతే అదే మీ రెండో అర్జీ.

ఆడవాళ్లు నలుగురు కూడి ఆఫీసుకు వెళితే ఎవరు వింటారని అనుకోవద్దు. 1992లో మీ నెల్లూరు జిల్లాలోని దూబగుంట ఊరి ఆడవాళ్లు సారా దుకాణం ముందు నిలబడ్డారు. ఆ పోరు రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే నెల్లూరు జిల్లాలో పొదుపు ఉద్యమం లేచింది. మీ ఊళ్లో ఈరోజు డ్వాక్రా సంఘం ఉందంటే దాని వెనక ఆ ఆడవాళ్లు ఉన్నారు. కాలనీ విషయాన్ని మీ గ్రామ సంఘం సమావేశంలో పెట్టండి. ఒక్క మనిషి అర్జీకీ, సంఘం తీర్మానానికీ ఆఫీసులో ఇచ్చే గౌరవం వేరుగా ఉంటుంది.

మీ పక్క ప్లాట్ల యానాది కుటుంబాల గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశారు. నాకు మాత్రం మనసు అక్కడే ఆగింది. వాళ్లు వదిలేయలేదమ్మా, వాళ్లను అడిగేవాళ్లు లేక అలా అయింది. గుంట కాపలాకు అడ్వాన్సు తీసుకున్న కుటుంబం ఆ గట్టు వదిలి రాలేదు. కొందరికి ఆధార్‌లో పేరు ఒకటి, పట్టాలో పేరు ఒకటి. కొందరికి కుల ధ్రువీకరణ పత్రం ఉండదు. 75,000 అదనపు సాయం వాళ్లకే ఎక్కువ అవసరం, వాళ్లకే అందడం కష్టం. నెల్లూరులో యానాదుల కోసమే సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ ఉంది. మీ ఆయన రోజూ వాళ్లతో కలిసి గుంటల మీద పనిచేస్తాడు కాబట్టి ఈ కబురు వాళ్లకు చేర్చగలిగింది ఆయనే. మీరు ఏఈ దగ్గరికి వెళ్లే రోజు వాళ్లలో ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లండి. ఇది వాళ్లకు ఉపకారం మాత్రమే కాదు. మీ పక్క రెండు ఇళ్లలో దీపం వెలిగితేనే మీ పిల్లలు ఆ కాలనీలో భయం లేకుండా ఉండగలరు.

మీ చెల్లి సంగతి పొట్టిగా చెబుతాను. ఆమె కుటుంబానికి దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. నెల్లూరులో సొంత స్థలం ఉండి, కుటుంబ ఆదాయం ఏడాదికి 3 లక్షల లోపయితే కొత్త పట్టణ ఆవాస్ పథకం కింద 2,50,000 సాయం వస్తుంది. అందులో కేంద్రానిది 1,50,000, రాష్ట్రానిది లక్ష. స్థలం లేకుండా బ్యాంకు రుణంతో చిన్న ఫ్లాటు కొనుక్కునే స్తోమత ఉంటే, అదే పథకంలో వడ్డీ రాయితీ విభాగం ఉంది. ఏడాదికి 9 లక్షల దాకా ఆదాయం ఉన్నవాళ్లు అర్హులు. రాయితీ గరిష్ఠంగా 1,80,000, ఐదు విడతల్లో రుణ ఖాతాకు పడుతుంది. దరఖాస్తు తన వార్డు సచివాలయంలో పెట్టుకోవాలి. మధ్యవర్తికి ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దని చెప్పండి. టిడ్కో ఫ్లాటు, అంటే పట్టణ పేదలకు ప్రభుత్వం కట్టించిన అపార్ట్‌మెంటులో ఇల్లు, ఇప్పిస్తామని వీధుల్లో తిరిగేవాళ్ల మాట అసలు వినొద్దనండి.

చివరగా, పైకప్పు పడ్డాక వెంటనే చేరాలా అన్న సందేహం మీకు వస్తుంది. శ్లాబ్, తలుపు, మరుగుదొడ్డి, కరెంటు ఉంటే పూత లేకపోయినా చేరండి, నెలకు 3,000 మిగులుతుంది. నీళ్లు మాత్రం ఏదో ఒక దారిలో ఉండాలి. పైపులైను వచ్చేదాకా కాలనీలో కనీసం ఒక బోరైనా పనిచేస్తుండాలి. పిల్లల చదువు మధ్యలో చెడకుండా బడులు తెరిచే జూన్‌కు ముందు చేరేలా లెక్క వేసుకోండి. ఆ లెక్కన శ్లాబ్ పని వానాకాలం ముగిశాక, సంక్రాంతి లోపు పడాలి. ఏఈ గారి దగ్గర కాగితం తీసుకున్నాక అందులోని అంకెలు నాకు రాయండి. ఏ దశకు ఎంత డబ్బు చేతిలో పెట్టుకుని మొదలుపెట్టాలో అప్పుడు ఇద్దరం కలిసి లెక్క చూద్దాం.